కేసముద్రపు సీమ

తెలంగాణమునకు సముద్రతీరము లేదు. అయినను ఈ సీమలో 'సముద్రము' అను మాటతో ముగియు పేర్లు పెక్కు వినవచ్చును. బయ్యారము చెరువునకు శాసనములో ధర్మకీర్తి సముద్రమని పేరు. నల్లగొండ చెంత నున్న పానుగల్లు చెరువును ఉదయసముద్రమందురు. ఉప్పునీటి సముద్రమును ఎన్నడును చూడని రైతునకు ఊరి చెరువే సముద్రము. ఆ నీరు నిండినయేడు గాదెలు నిండును. అది ఎండినయేడు ఊరు వలసపోవును. కావున మన పూర్వులు చెరువును అంత పెద్ద పేరుతో పిలిచిరనిన ఆశ్చర్యము లేదు.

కాకతీయ ప్రభువులలో మొదటి ప్రోలరాజు పదునొకండవ శతాబ్దమువాడు. ఆతనికి అరిగజకేసరి యను బిరుదు కలదు. శత్రువులనెడి ఏనుగులకు సింహము వంటివాడని దాని యర్థము. ఆతడు కేసరి తటాకమను చెరువును కట్టించినట్లు కాకతీయుల శాసనములవలన తెలియుచున్నది. ఆ కేసరి సముద్రమే జనుల నోట నలిగి నలిగి కేసముద్రమయ్యెనని చెప్పుదురు. రాజు పోయెను, రాజ్యము పోయెను. చెరువునుబట్టి వచ్చిన పేరు మాత్రము ఊరిని విడువలేదు.

కేసముద్రము వరంగల్లునకును మహబూబాబాదునకును నడుమ రైలుమార్గముపై నున్న పట్టణము. మహబూబాబాదును ప్రజలు నేటికిని మానుకోట యనియే పిలుతురు. 2016 అక్టోబరు వఱకు ఈ ప్రాంతమంతయు వరంగల్లు జిల్లాలోనిది. ఆ నెల 11వ తేదీన మహబూబాబాదు జిల్లా ఏర్పడగా కేసముద్రము అందు చేరెను. 2025లో దీనికి పురపాలక సంఘపు హోదా లభించినది.

ఈ పట్టణమును చూడవచ్చిన బాటసారికి మొదట ఎదురగునది రైలుస్టేషను. నిజాము ప్రభుత్వపు పూచీపై నడచిన రైలు కంపెనీ 1886లో వరంగల్లు వఱకును, 1889లో బెజవాడ వఱకును పట్టాలు పఱచెను. ఎల్లందు ప్రాంతమున బొగ్గు కనబడుటయే ఈ మార్గమును వేయుటకు గల ముఖ్యకారణములలో నొకటి. 1929లో కాజీపేటనుండి బల్హార్షాకు మార్గము పూర్తియయ్యెను. దానితో ఢిల్లీ మద్రాసుల నడుమ నడచు రైళ్ళు ఈ త్రోవను పట్టినవి. ఒకవైపు ఇంటికన్నె, మఱియొకవైపు తాళ్ళపూసపల్లి స్టేషన్లు కేసముద్రమునకు ఇరుగుపొరుగులు.

రైలు వచ్చుటతో ఊరి రూపము మాఱెను. పాత ఊరు చెరువును, పొలములను నమ్ముకొని పుట్టినది. క్రొత్త పేట పట్టాలను నమ్ముకొని పెరిగినది. అందువలననే పుర మేర్పడుటకు ముందు కేసముద్రము స్టేషన్ అని యొకటియు, కేసముద్రము విలేజి అని యొకటియు రెండు పంచాయతీలు వేఱువేఱుగా నుండెడివి. రైలు దిగినవానికి అంగళ్ళు, గిడ్డంగులు, ఎరువుల దుకాణములు, హోటళ్ళు అగపడును. కొంతదూరము నడచినగాని పెంకుటిండ్లు, వేపచెట్లు, పాత గుడులు గల పల్లె కానరాదు. ఒకే పేరుగల ఊరిలో రెండు కాలములు ప్రక్కప్రక్కన నిలిచినట్లుండును.

స్టేషను దాపున నున్న వ్యవసాయ మార్కెట్టు ఈ పట్టణమునకు ప్రాణము. మక్కజొన్నలు, పసుపు, మిరప, వేరుసెనగ, వడ్లు, అపరాలు చుట్టుపట్ల పల్లెలనుండి ఇచ్చటికి వచ్చును. పూర్వము ఎడ్లబండ్లు వరుసకట్టి నిలిచిన చోట నేడు ట్రాక్టర్లు, ఆటోలు, లారీలు నిలుచుచున్నవి. కోతలకాలమున మార్కెట్టు ఆవరణమంతయు రాసులతో నిండును. పచ్చని మక్కల రాసి ప్రక్క పసుపుకొమ్ముల రాసి, దాని చెంత వేరుసెనగల రాసి, ఎండలో మెఱయుచుండును. పసుపు వాసన, దుమ్ము, బస్తాల నార వాసన కలిసి దూరమునుండియే 'మార్కెట్టు వచ్చినది' అని చెప్పుచుండును.

అచ్చట పనిచేయువారిలో ఒక్కొక్కరికి ఒక్కొక్క పేరు, ఒక్కొక్క పని కలదు. రైతు సరుకును తన యంగటి ముందు పోయించుకొని అమ్మించువాడు అడ్తిదారు. సరుకును కొనువాడు ఖరీదుదారు. బస్తాలు దింపి, నింపి, మోయువారు హమాలీలు. కాంటాపై తూచి లెక్క చెప్పువారు దడువాయిలు. రాసినుండి మట్టిని, తాలును చెరిగి వేఱుచేయు స్త్రీలు చాటకూలీలు. తూకము, ధర, కూలి, చివరకు రైతు చేతికి వచ్చు సొమ్ము వ్రాసియిచ్చు చీటిని తక్‌పట్టీ యందురు. ఇందులో ఏ యొక్కరు పనికి రాకున్నను నాటి బేరము నిలిచిపోవును. పొలములో రైతు ఒంటరివాడు. మార్కెట్టులో ఆతని ఫలితము ఇందరి చేతులమీదుగా సాగవలసియున్నది.

అందుచేతనే మార్కెట్టునకు చట్టము అవసరమయ్యెను. వెనుకటి కాలమున ధర నిర్ణయించుట, తూచుట, సొమ్ము ముట్టజెప్పుట అన్నియు వర్తకుని యిష్టముపై నడచుచుండెను. తరుగు పేరిట కొంత, ధర్మము పేరిట కొంత, నమూనా పేరిట కొంత రైతు రాసినుండి తీయుచుండిరి. ఈ బాధ తగ్గించుటకై హైదరాబాదు రాజ్యమున 1930లో వ్యవసాయ మార్కెట్ల చట్టము వచ్చెను. తరువాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1966లో క్రొత్త చట్టము చేసెను. లైసెన్సు గలవారే కొనవలెను. తూకము సరిగా నుండవలెను. మార్కెట్టు రుసుమును కొనువాడే చెల్లించవలెను, రైతు కాదు – ఇట్టివి ఆ చట్టములోని ముఖ్యసూత్రములు.

2016 ఏప్రిలు 14వ తేదీన కేంద్రప్రభుత్వము దేశమందలి మార్కెట్లను కంప్యూటర్లద్వారా కలుపు పథకమును ప్రారంభించెను. దానిని ఈ–నామ్ అందురు. కేసముద్రము మార్కెట్టును ఇందులో చేరినది. ఈ పద్ధతిలో సరుకు ద్వారము దాటునప్పుడే దానికి ఒక సంఖ్య యిత్తురు. ఖరీదుదారులు రాసులను చూచి, తాము ఇవ్వగల ధరను ఒకరికొకరు తెలియకుండ ఫోనులోనో కంప్యూటరులోనో నమోదు చేయుదురు. గడువు ముగియగానే ఎక్కువ ధర వేసినవాని పేరు బయటపడును. ఆ ధర నచ్చనిచో రైతు అమ్మకుండ నుండవచ్చును. నచ్చినచో తూకము జరుగును. ఒకరి ముఖమొకరు చూచుకొని వర్తకులు కూడబలుకుకొనుటకు ఇందు అవకాశము తక్కువ.

అయినను యంత్రము వచ్చినంతమాత్రమున రైతు కష్టము తీఱిపోలేదు. విత్తులకు, ఎరువులకు ముందే వర్తకునివద్ద అప్పు తెచ్చిన రైతు 'ఈ ధరకు అమ్మను' అని చెప్పుట తేలిక కాదు. అప్పు ఆతని నోరు కట్టివేయును. తేమ మఱియొక చిక్కు. మక్కజొన్నలకు మద్దతు ధర దొరకవలెనన్న తేమ నూటికి 14 వంతులు మించరాదు. నూటికి 20 వంతుల తేమ గల నూరు కిలోల మక్కలలో గింజ 80 కిలోలు, నీరు 20 కిలోలు. వానిని 14 వంతుల తేమ వఱకు ఎండబెట్టినచో బరువు 93 కిలోలకు దిగును. ఏడు కిలోలు పోయినవని తొందరపడి పచ్చిగా అమ్మినచో ధర తగ్గును. ఎండబెట్టుటకు రెండు మూడు దినములు ఆగినచో వాన భయము. ఆఱు నెలల శ్రమకు ఫలము ఆ రెండు దినముల ఎండపై ఆధారపడియుండును. రాసిపై మబ్బు కమ్మగానే రైతులు టార్పాలిను పట్టాలకై పరుగిడుటను చూచినవారికి ఈ సంగతి వేఱుగా వివరింపనక్కఱలేదు.

మార్కెట్టులోని సరుకులలో పసుపు కథ ప్రత్యేకముగా తెలిసికొనదగినది. తొలకరి వానలకు నాటిన పసుపు ఏడెనిమిది నెలలు భూమిలో నుండును. సంక్రాంతి దాటిన పిదప ఆకులు ఎండగా దుంపలను త్రవ్వుదురు. నడిమి గుండ్రని దుంపను, దానినుండి చీలివచ్చిన కొమ్ములను వేఱుచేయుదురు. పిమ్మట నీళ్ళలో ఉడికింతురు. ఉడికించుటవలన మొలకెత్తు శక్తి నశించును, రంగు కొమ్ము అంతటను సమముగా వ్యాపించును, ఎండుట తేలికయగును. తక్కువ ఉడికినచో కొమ్ము సరిగా ఎండదు. మించి ఉడికినచో రంగు చెడును. పదునైదు దినములంత ఎండలో ఎండినపిదప పీపాలో వేసి త్రిప్పుదురు. పైపొట్టు రాలి కొమ్ము మెఱుగెక్కును. ఇంతచేసినను పచ్చిపసుపు ఐదు బస్తాలకు ఎండుపసుపు ఒక బస్తా మాత్రమే దక్కును. పెండ్లిలోను, పేరంటములోను, వంటలోను చిటికెడుగా వాడు పసుపు వెనుక ఇంత పని దాగియున్నది.

మార్కెట్టును, పేటను దాటి పల్లెవైపు నడచినచో బాటసారి పొలములలో ప్రవేశించును. కొన్నిచోట్ల ఎఱ్ఱని చెలక నేలలు, కొన్నిచోట్ల నల్లరేగడి భూములు. రేగడిలో పత్తి, మిరప పెరుగును. చెలకలలో మక్కలు, పెసలు, కందులు వేయుదురు. చెరువుల క్రింద వరి. గట్లవెంబడి తాటిచెట్లు వరుసగా నిలిచియుండును. ఫాల్గుణమాసమున మోదుగలు ఎఱ్ఱగా పూయును. ఉత్తరపు దిక్కున గూడూరు, కొత్తగూడ ప్రాంతముల అడవులు మొదలగును. ఆ దిక్కుననే గణపతిదేవుని కాలపు పాకాల చెరువు కలదు. అందుండి వెడలిన వాగు మున్నేరై దక్షిణమునకు పారి కృష్ణానదిలో కలియును.

ఈ ప్రాంతపు చెరువులు ఒంటరిగా నుండవు. పై చెరువు నిండగా మిగిలిన నీరు మత్తడిపై దుమికి, వాగులో పడి, క్రింది చెరువును చేరును. అది నిండగా మఱియొకదానిని నింపును. గొలుసులోని కడియములవలె నుండుటచే వీనిని గొలుసుకట్టు చెరువులందురు. ప్రతి చెరువునకు కట్ట, తూము, మత్తడి అను మూడు అంగములు ముఖ్యములు. కట్ట నీటిని ఆపును, తూము పొలమునకు వదలును, మత్తడి అధికమైన నీటిని హాని లేకుండ సాగనంపును. నీరు నిలుచు లోపలి భూమి శిఖము. నీరు పాఱు పొలము ఆయకట్టు. తూము తెఱచి మూసి ఆయకట్టునకు నీరు పంచుటకు ఊరిలో నీరటికాడు ఉండెడివాడు. తెలంగాణ ప్రభుత్వము 2015లో మిషన్ కాకతీయ అను పేరుతో రాష్ట్రమందలి చెరువుల పూడిక తీయించు పని చేపట్టెను. ఆ యొండ్రుమట్టిని రైతులు తమ చెలకలకు తోలుకొనిరి.

గొలుసులో ఒక కడియము తెగినచో ఏమగునో ఇటీవలి కాలమున ఈ సీమ కన్నులార చూచినది. 2024 ఆగస్టు 31వ తేదీ రాత్రి మహబూబాబాదు ప్రాంతమున కుంభవృష్టి కురిసెను. తెల్లవారునప్పటికి చెరువులు, వాగులు పొంగి పొరలెను. కేసముద్రము, ఇంటికన్నె స్టేషన్ల నడుమ రైలుకట్ట క్రింది మన్నును, కంకరను వరద ఈడ్చుకొనిపోగా పట్టాలు గాలిలో వ్రేలాడినవి. దక్షిణోత్తర దేశములను కలుపు ప్రధానమార్గమున రైళ్ళు నిలిచిపోయెను. వందలకొలది కూలీలు, ఇంజనీర్లు రేయింబవళ్ళు శ్రమించి కొలది దినములలో మార్గమును మరల నడిపించిరి. రైలుకట్ట యనునది నీటికి అడ్డముగా వేసిన మఱియొక కట్టయే. దాని క్రింద నీరు పోవుటకు చాలినంత త్రోవ యుండవలెను. శిఖము భూములు ఆక్రమింపబడినను, మత్తడి కాలువలు పూడిపోయినను వరదనీరు తన త్రోవను తానే వెదకికొనును. అప్పుడు అది పొలమని, ఇల్లని, పట్టాలని చూడదు. పెద్దలు మత్తడిని కట్టతోపాటు అంత శ్రద్ధగా ఎందులకు కట్టిరో ఆనాడు అందఱకు తెలిసివచ్చెను.

పొలములు దాటిన పిదప తండాలు కానవచ్చును. ఇచ్చటి పల్లెల నడుమ లంబాడీల తండాలు చాల కలవు. రైలు రాకముందు ఈ దేశమున ఉప్పును, ధాన్యమును వేలకొలది ఎద్దులపై వేసికొని దేశమునుండి దేశమునకు చేరవేసినవారు లంబాడీలే. సైన్యములకు తిండిగింజలు అందించినదియు వారే. రైలు వచ్చి ఆ పని లాగికొనగా వారు చెలకలు దున్నుకొని, పశువులను మేపుకొని తండాలలో నిలిచిరి. ఏ రైలు ఈ మార్కెట్టును పెంచినదో, ఆ రైలే వారి పాత వృత్తిని తీసివేసెను. లాభమైనను నష్టమైనను అందఱకు సమానముగా రాదని ఇందువలన తెలియుచున్నది. నేడు ఆ తండాల రైతులే మిరప, పత్తి, మక్కలు పండించి మార్కెట్టునకు తెచ్చుచున్నారు. శ్రావణమాసమున తీజ్ పండుగకు కన్నెలు బుట్టలలో గోధుమలు మొలకెత్తించి, తొమ్మిది దినములు నీరు పోసి, ఆడి పాడి, పిదప నీట నిమజ్జనము చేయుదురు. 2018లో వచ్చిన పంచాయతీరాజ్ చట్టమువలన పెక్కు తండాలు స్వంత గ్రామపంచాయతీలైనవి.

కేసముద్రమునకు కొలది మైళ్ళ దూరమున ఇనుగుర్తి గ్రామము కలదు. చూచుటకు అన్ని పల్లెలవంటిదే. కాని తెలుగు పత్రికల చరిత్రలో దాని పేరు చెక్కుచెదరని అక్షరములతో నిలిచినది. ఈ ఊరివారైన ఒద్దిరాజు సీతారామచంద్రరావు, ఒద్దిరాజు రాఘవరంగారావు అను అన్నదమ్ములు 1922 ఆగస్టులో ఇచ్చటనుండి 'తెనుగు' అను వారపత్రికను వెలువరించిరి. పట్టణమున గాక మారుమూల పల్లెలో ముద్రణాలయము స్థాపించి నడపిన పత్రిక అది.

ఆనాటి పరిస్థితిని తెలిసికొన్నగాని ఈ పని విలువ తెలియదు. నిజాము రాజ్యమున ప్రభుత్వభాష ఉర్దూ. కచేరీలలోను, పై చదువులలోను ఉర్దూయే నడచుచుండెను. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధన ఉర్దూలోనే. ప్రజలలో అధికసంఖ్యాకులు మాటలాడునది తెలుగైనను, తెలుగు చదివించు బడులు అరుదు. పత్రిక పెట్టవలెనన్నను, సభ జరుపవలెనన్నను సర్కారు కన్ను దానిపై నుండెడిది. అట్టి కాలమున హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, హనుమకొండలో 1904లో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును స్థాపితములై తెలుగు చదువునకు దారి చూపినవి. ఒద్దిరాజు సోదరులు ఆ దారిని పల్లెవఱకు తెచ్చిరి.

పత్రికకు వలయు వ్యాసములు వ్రాయుట, సీసపు అక్షరములు కూర్చుట, అచ్చువేయుట, మడచి తపాలాకు పంపుట – ఈ పనులన్నియు ఆ సోదరులు తామే చేసికొనిరి. ఆ కాలపు అచ్చుపనిలో అక్షరములను ఒక్కొక్కటిగా ఏఱి, కుడియెడమలు తాఱుమాఱుగా పేర్చవలెను. తెలుగులో గుణింతములు, వత్తులు ఎక్కువ; కావున అరలు ఎక్కువ, శ్రమయు ఎక్కువ. ఒక పుట కూర్చి, అచ్చు తీసి, తప్పులు దిద్ది, అక్షరములను విడదీసి మరల అరలలో వేసినగాని రెండవ పుటకు అక్షరములు చాలవు. వారము వారము ఈ శ్రమ పడినవారికి దానివలన ధనలాభము లేదు. తమ ఇరుగుపొరుగువారు తమ భాషలో లోకవార్త తెలిసికొనవలెననియే వారి కోరిక. ఒకరు చదువగా పదిమంది విను కాలమది. కావున ఒక్క ప్రతి ఊరంతకు చాలెడిది.

అదే 1922 ఆగస్టులో నల్లగొండనుండి షబ్నవీసు వేంకటరామనరసింహారావు నీలగిరి పత్రికను ప్రారంభించెను. 1926లో సురవరము ప్రతాపరెడ్డి సంపాదకత్వమున హైదరాబాదునుండి గోలకొండ పత్రిక వెలువడెను. తెలంగాణమున కవులే లేరన్న మాటకు బదులుగా 354 మంది కవుల రచనలతో 1934లో గోలకొండ కవుల సంచిక వచ్చెను. తెనుగు పత్రిక కొన్ని సంవత్సరములు మాత్రమే నడచినను, ఈ మేల్కొలుపులో దాని పాలు చిన్నది కాదు. పత్రిక పుట్టిన నూఱేండ్లకు, 2022లో, ఇనుగుర్తి ప్రత్యేక మండలమైనది.

ఇనుగుర్తి చూచి బాటసారి తిరిగి కేసముద్రము చేరుసరికి ప్రొద్దుగ్రుంకును. మార్కెట్టులో కాంటాలు ఆగిపోవును. నాటి కూలి డబ్బులు కొంగున ముడివేసికొని చాటకూలీలు ఇండ్లకు మరలుదురు. అమ్ముడుపోని రాసుల చెంత రైతులు బస్తాలపై పడుకొని మఱునాటి ధరకై ఎదురుచూతురు. వారి ప్రక్కనుండి ఢిల్లీ రైలు ఆగక సాగిపోవును. ఆ రైలులోని ప్రయాణికునకు కేసముద్రము క్షణకాలము కానవచ్చి మఱుగగు ఒక దీపాల వరుస మాత్రమే. కాని అతడు తిను అన్నములోని పసుపు, అతని యింటి పశువుల దాణాలోని మక్క, అతని కాలిక్రింది రైలుకట్టను కాపాడు చెరువు మత్తడి – ఇవి యన్నియు ఇట్టి చిన్న ఊళ్ళవారి కష్టముచేతనే నిలుచుచున్నవి.